మాయికె నిలబడ్డ వైపు

హార్లింగెన్, నెదర్లాండ్స్, 4 మార్చి 2014

హిస్కె అక్కా,

నీ చెవులు ఫోనుకు పనికిరాకుండా పోయి తొమ్మిదేళ్లయింది. అందుకని మెదడు దెబ్బతిన్నవాణ్ణయినా నేనే కలం పట్టాల్సి వచ్చింది. జనవరిలో నాకు పక్షవాతం వచ్చిందని నీ మరదలు మాయికె నీకు రాసే ఉంటుంది. కంగారు పడకు. ఎడమ చెయ్యి కాస్త బరువుగా ఉంది, అంతే. మాట బాగానే ఉంది. నడుస్తున్నాను. ఐదు వారాలు ఆస్పత్రిలో ఉంచి ఇంటికి పంపారు. ఇప్పుడు మంగళ, శుక్రవారాలు పునరావాస కేంద్రానికి వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తున్నాను.

ఆస్పత్రి తిండి గురించి చెప్పనా? ప్లేటులో ఒక బంగాళాదుంప, నాలుగు చిక్కుడు గింజలు. మాంసం అన్నదే లేదు. పైగా ప్లేటు తీసుకెళ్లే నర్సు, "ఇదేంటి రిన్సె, మాంసం ముట్టుకోనే లేదు" అని రోజూ నన్నే అడిగేది. వేళాకోళం కాకపోతే!

నీకు తప్ప ఎవరికీ చెప్పని మాట ఒకటి. ఆ ఐదు వారాల్లో మాయికె నా మంచం దగ్గరకు వచ్చింది ఏ నాలుగుసార్లో. గొంతు మాత్రం రోజూ వినపడేది. నర్సులతో కబుర్లాడుతూ వరండాలో తిరిగేదనుకుంటాను. ముప్పై నాలుగేళ్ల కాపురం అక్కా.

పునరావాస కేంద్రంలో లోబ్కె అనే అమ్మాయి ఉంది. రోజువారీ పనులు మళ్లీ నేర్పే థెరపిస్టు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మొదటి రోజు నన్నూ మాయికెనూ కూర్చోబెట్టి, "మీకు ఏం చెయ్యాలని ఉంది రిన్సె? మా మాటల్లో కాదు, మీ మాటల్లో చెప్పండి. అదే మన లక్ష్యం అవుతుంది" అంది.

"ఏప్రిల్ మొదటి శనివారం చేపల బండి వేసుకుని ఫ్రానెకెర్ సంతకు వెళ్లాలి" అన్నాను. వ్యానులోనే చేపలు వేయించి అమ్మడం ముప్పై ఒక్క ఏళ్లుగా చేస్తున్న పని. ఇంకేం అడుగుతాను?

ఆ అమ్మాయి బుద్ధిగా రాసుకుంది. రాసుకుని, "దానికి ముందు చిన్న మెట్టు ఒకటి పెట్టుకుందామా? నాలుగు వారాల్లో, బల్లమీద ఎడమవైపు ఉన్న వస్తువుల్ని ఎవరూ గుర్తుచెయ్యకుండా మీరే వెతికి పట్టుకోవాలి" అంది.

"నా ఎడమవైపుకి ఏమొచ్చింది?"

"మీరే చెప్పండి."

"ఏమీ రాలేదు. బల్లమీద ఉప్పు డబ్బా వెతకడానికా నేను బస్సెక్కి వచ్చింది?"

మాయికె ఏడ్చిన చప్పుడైంది. ఎందుకో అడగలేదు. బండి నడపగలిగినవాడిని ఉప్పు డబ్బాల దగ్గర కూర్చోబెడతారట. నువ్వైతే ఏమంటావో రాయి.

నీ తమ్ముడు,
రిన్సె


స్వానెకె, బోర్న్‌హోల్మ్ దీవి, డెన్మార్క్, 13 మార్చి

ఒరేయ్ రిన్సె,

నీ చేతిరాత చూడగానే ప్రాణం లేచొచ్చింది. కానీ ఇదేం రాతరా? కాగితంలో కుడి సగమే రాసి, ఎడమ సగం తెల్లగా వదిలేశావు. నాలుగు పేజీలూ అంతే. మొదట అర్థం కాలేదు. ఉత్తరం పూర్తిచేశాక తెలిసింది. ఆ సగం మాయికె రాయాలని వదిలావు కదూ? ఆవిడ నాలుగు ముక్కలు కూడా రాయలేదు. ఆస్పత్రిలో నీ పక్కన కూర్చోని మనిషి కాగితంలో నీ పక్కన ఏం కూర్చుంటుందిలే.

నాకు ఒళ్లు మండింది. ఆవిడకు విడిగా ఒక ఉత్తరం రాసి నిన్ననే పోస్టు చేశాను. డెబ్బై ఏళ్లొచ్చాక మరదలితో గొడవ పెట్టుకోవాలని నాకు సరదా కాదు. కానీ ఎవరో ఒకరు అడగాలి.

ఇక బండి సంగతి. నువ్వు తొందరపడే మనిషివని నాకు తెలుసు. ఐదేళ్లప్పుడు నాన్న పడవ తాడు విప్పేసి రేవు దాటించినవాడివి. ఆ రోజు నిన్ను ఈత కొట్టి తెచ్చింది నేనే. అందుకే చెబుతున్నాను. లైసెన్సు వైద్యుడు నిన్ను పరీక్షించి సంతకం పెట్టాక, ఎవరేమన్నా వినకుండా బండి ఎక్కు. ఆ అమ్మాయి చెప్పిన చిన్న మెట్టు కూడా ఎక్కేస్తే పోయేదేముంది?

పొగబెట్టిన హెరింగ్ చేపలు ఒక పెట్టె పంపుతున్నాను. మాంసం పెట్టని వాళ్ల మొహాన కొట్టు.

మీ అక్క,
హిస్కె


హార్లింగెన్, 22 మార్చి

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం తెచ్చుకోకపోతే ఒక మాట. డెన్మార్కులో నలభై ఏళ్లుండి మన భాష మర్చిపోతున్నావు. వాక్యాలు నడిమధ్యలో మొదలుపెడుతున్నావు, ఒకదానికొకటి అతకవు. ముసలితనమేమో. నాకే పక్షవాతం వచ్చిందనుకున్నాను, నీకూ వచ్చిందా?

కానీ ఒక్క వాక్యం మాత్రం నీలాగే ఉంది, సూటిగా: ఎవరేమన్నా వినకుండా బండి ఎక్కు. అక్కా, ఈ రెండు నెలల్లో నన్ను మనిషిగా చూసి మాట్లాడింది నువ్వొక్కతివే.

నిన్న లోబ్కె నా చేత గడియారం బొమ్మ గీయించింది. గుండ్రం గీసి అంకెలు వేశాను. "ఏమైనా తగ్గిందా?" అంది. "ముళ్లు వెయ్యమంటే వేస్తాను" అన్నాను. ఆ అమ్మాయి కాగితాన్ని మెల్లిగా కుడివైపుకు జరిపింది. పన్నెండు అంకెలూ ఒకే పక్కన గుంపుగా, గొర్రెల మందలా ఉన్నాయి. రెండో పక్క ఖాళీ. నేను గీసింది అదేనా అని కాగితం తిప్పి చూశాను. తర్వాత అనిపించింది, కాగితం జారి ఉంటుంది. ఎవరికైనా జారుతుంది.

మాయికెకు నీ ఉత్తరం అందింది. నిలబడే చదివింది. మడిచి రొట్టెల డబ్బా వెనక పెట్టి మేడమీదకు వెళ్లిపోయింది. ఏం రాశావో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

శనివారాలు ఆమె చర్చి బృందగానానికి తొమ్మిదింటికి వెళుతుంది. ఏప్రిల్ ఐదున తొమ్మిదిన్నరకు నేను బండి తీస్తాను. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

రిన్సె


స్వానెకె, 29 మార్చి

రిన్సె, రిన్సె,

నీకు పిచ్చా? నేను అలా ఎప్పుడు రాశాను? సంతకం పెట్టాక అని రాశాను. వైద్యుడు సంతకం పెట్టాక! ఆ మాట మింగేసి మిగతాది ఎలా చదివావు? కావాలని చేశావా, లేక నిజంగానే... ఏమో, నాకేం అర్థం కావడం లేదు.

ఈ ఉత్తరం ఐదో తారీకులోపు అందుతుందో లేదో. అందుకే పక్కింటి ఉల్లాను బతిమాలి నీకు ఫోను చేయిస్తున్నాను. ఆగు.

ఉల్లా ఇప్పుడే వచ్చి వెళ్లింది. నువ్వే ఎత్తావట. నీ డేనిష్ ఇంకా బాగానే ఉందని మెచ్చుకుంది. "మీ అక్క బండి గురించి కంగారు పడుతోంది" అంటే నువ్వు నవ్వి, "అక్క రాసినట్టే చేస్తానని చెప్పండి" అన్నావట.

హమ్మయ్య. ఊరికే హడలిపోయాను. సరే, నేను రాసినట్టే చెయ్యి.

హిస్కె


హార్లింగెన్, 14 ఏప్రిల్

అక్కా,

నీకు ఈపాటికి మాయికె చెల్లెలు కబురు పంపే ఉంటుంది. అయినా నా నోటితో చెప్పాలి.

మాయికె బండి తాళాలు దాచింది. కుట్టుపని డబ్బాలో ఉన్నాయని నాకు తెలుసు. ఆమె సైకిలెక్కి వెళ్లగానే తీసుకున్నాను. కాలవ పక్క షెడ్డులోంచి బండిని మెల్లిగా బయటికి తెచ్చాను. నడిచే మనిషికంటే నెమ్మదిగా. గేటు దగ్గర ఎవరో అరిచారు. కుడివైపు చూశాను, ఎవరూ లేరు. మళ్లీ కుడివైపే చూశాను. ముందుకు పోనిచ్చాను. ఏదో తగిలింది. ఖాళీ చేపల పెట్టెలు పడ్డాయనుకున్నాను. ఇంకాస్త పోనిచ్చాను.

ఇంకాస్త పోనిచ్చాను అక్కా.

పొరుగింటి గోస్సె కుడి కిటికీ అద్దం మీద రెండు చేతులతో బాదుతున్నాడు. "ఆపు! ఆపరా దరిద్రుడా! మాయికె కింద ఉంది!"

నేనేమన్నానో తెలుసా? "మాయికె పాటకు వెళ్లింది" అన్నాను.

పాట చెప్పే ఆయనకు జ్వరమని ఆ రోజు బృందగానం లేదట. ఆమె వెనక్కి వచ్చింది. గేటు పక్కన సైకిలు దిగి రెండు చేతులూ ఎత్తి నిలబడింది. నా ఎడమవైపు. మన బండ్లకు స్టీరింగు ఎడమవైపే కదా, డ్రైవరు కిటికీకి చేతి దూరంలో. నా పేరు పెట్టి అరుస్తూనే ఉందట. గోస్సె నన్ను అవతలి తలుపులోంచి బయటికి లాగాడు. మాయికె తుంటి ఎముక విరిగింది. సైకిలు చక్రం కింద చుట్టచుట్టుకుపోయింది. ఆమె స్పృహలోనే ఉంది. నన్నే చూస్తోందట. అదీ గోస్సె చెప్పాడు. నాకు తెలియలేదు.

పోలీసులు లైసెన్సు తీసుకున్నారు. "అంత దగ్గర నిలబడ్డ మనిషి కనపడలేదంటావా?" అన్నారు. చూడలేదన్నాను. డాక్టరుకూ అదే చెప్పాను. ఒక్కరి మొహంలోనూ నమ్మకం లేదు. నాకే నమ్మకంగా లేదు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్లాను. గదిలో మంచం మీద తెల్లజుట్టు ముసలమ్మ. "ఈమె కాదు, మా ఆవిడ ఎక్కడ?" అన్నాను నర్సుతో.

"ఇక్కడ రిన్సె" అంది మాయికె గొంతు.

కుడివైపుకు తిరిగాను. గోడ. ఇంకా తిరిగాను. తలుపు. ఇంకా తిరిగితే, పూర్తిగా ఒక చుట్టు తిరిగితే, అప్పుడు కనపడింది. ముసలమ్మ పక్కనే రెండో మంచం. మాయికె. గదిలోకి అడుగుపెట్టినప్పటి నుంచీ నా పక్కనే ఉంది. నా మొహం చూసి తలగడ వైపు తిరిగిపోయింది.

గోడ పట్టుకుని నిలబడ్డాను. జనవరిలో నా మంచానికి కుర్చీ ఏ వైపు వేశారని నర్సును అడిగాను. అదే వార్డు, అదే నర్సు. "ఎడమవైపు. మీ ఆవిడ రోజూ వచ్చేది. మీ చెయ్యి పట్టుకునే కూర్చునేది. మీకు గుర్తులేదా?" అంది.

నా ఎడమ చేతిని కుడి చేత్తో పైకెత్తి చూసుకున్నాను.

సాయంత్రం లోబ్కె వచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీ కళ్లకు ఏమీ కాలేదు రిన్సె. ఎడమవైపు అనేది ఒకటుందనే మీ మెదడు మర్చిపోయింది. లేదనుకున్న దాన్ని ఎవరూ వెతకరు. అందుకే చిన్న మెట్టు అన్నాను" అంది. కాగితం ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి, ఆ ఎరుపు కనపడేదాకా చూపు లాగి అక్కడినుంచి మొదలుపెట్టమంది. ఈ ఉత్తరం అలాగే రాస్తున్నాను. ఒక్కో వరుసకూ ఒక్కో నిమిషం.

నీ రెండో ఉత్తరం ఐదో తారీకు దాటాకే అందింది. నీ మొదటి ఉత్తరానికి కూడా టేపు అంటించి చదివాను. లైసెన్సు వైద్యుడు నిన్ను పరీక్షించి సంతకం పెట్టాక.

అక్కడే ఉంది. నల్ల సిరాతో.

రిన్సె


స్వానెకె, 23 ఏప్రిల్

రిన్సె,

నీ పాత ఉత్తరాలు రెండూ బల్లమీద పరిచాను. తెల్ల సగాలు రెండూ పక్కపక్కన. అది చూసి కూడా నేనేం చేశాను? మాయికె మీద కోపం తెచ్చుకున్నాను. మా వీధి చివర డాక్టరు ఉన్నాడు. ఆ కాగితం ఒక్కసారి అతనికి చూపించి ఉంటే ఏం జరిగిందో అప్పుడే చెప్పేవాడు. నేను చూపించలేదు. మాయికెకు ఏం రాశానో తెలుసా? "నా తమ్ముడు చావుబతుకుల్లో ఉంటే వరండాలో కబుర్లు చెప్పుకున్నదానివి" అని రాశాను. రోజూ నీ చెయ్యి పట్టుకు కూర్చున్న మనిషికి.

ఉల్లా మాట విని హమ్మయ్య అనుకున్న ఆ సాయంత్రం కేకు కూడా చేశాను.

మాయికెకు రాశాను. క్షమించమని మూడుసార్లు రాసి, మూడుసార్లూ చింపి, నాలుగోది పంపాను. ఒకే వాక్యం జవాబు వచ్చింది: "ఆగస్టులో రా, వంటింట్లో ఎదురెదురుగా నిలబడి తిట్టుకుందాం." అది కోపమో దయో తెలియడం లేదు. వస్తాను.

నువ్వెలా ఉన్నావు? ఆవిడ నీతో మాట్లాడుతోందా? ఏదీ దాచకు.

అక్క


హార్లింగెన్, 14 మే

అక్కా,

మాట్లాడుతుంది. కిటికీ వెయ్యి, గ్లాసు అందుకో, తలుపు దగ్గర ఎవరో చూడు. అంతవరకే.

నిన్న మళ్లీ లక్ష్యాలు పెట్టుకునే రోజు. చక్రాల కుర్చీలో మాయికె కూడా వచ్చింది. నేను రమ్మనలేదు, తనే వస్తానంది. లోబ్కె కాగితం తీసి, "ఈసారి ఏం కావాలి రిన్సె?" అంది.

"ఏమీ వద్దు."

"అది రాయడానికి ఇందులో గడి లేదు."

"నాకేం కావాలో అడిగితే ఏం జరిగిందో చూశావుగా అమ్మాయ్. ఇంక నన్నేమీ అడక్కు."

అప్పుడు మాయికె కుర్చీని ముందుకు తోసుకుంది. "ఆయనకేమీ వద్దట. నాకు కావాలి. ఇంకో ఆరు వారాలు నేను మంచం దిగి వంటింట్లోకి పోలేను. పొద్దున్నే నాకు కాఫీ కావాలి. రొట్టె, వెన్న, జున్ను, చాకు, నా మాత్రలు. పళ్లెంలో అన్నీ ఉండాలి. సగం కాదు."

లోబ్కె నావైపు చూసింది. "ఇది మీ లక్ష్యమేనా రిన్సె? మీది కాకపోతే నేను రాయను."

తల తిప్పి మాయికెను చూశాను. "నాదే" అన్నాను.

"మర్చిపోతే మాయికె గుర్తుచెయ్యొచ్చా?"

"నేను నోరు విప్పను" అంది మాయికె.

రాశారు: ఆరు వారాల్లో, ఆరు వస్తువులు, ఎవరూ గుర్తుచెయ్యకుండా. కింద నేను సంతకం పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్లు సంతలో పొద్దుటి పూట రెండొందల మందికి చేపలు వేయించి ఇచ్చినవాణ్ణి.

ఇవాళ మొదటి రోజు. కాఫీ, రొట్టె, వెన్న పట్టుకెళ్లాను. అన్నీ పెట్టాననుకుని గర్వంగా నిలబడ్డాను. ఆమె ఒక్క మాట అనలేదు. వెన్నను చెంచా వెనకతో రాసుకుని తింది. నొప్పి మాత్ర లేకుండా పదకొండు దాకా పడుకుంది, పళ్లు బిగపట్టి. ఇంటికొచ్చి చూసే నర్సు చెప్పేదాకా నాకు తెలియదు. మాత్రలు గట్టు మీదే ఉన్నాయి. ఎక్కడ ఉంటాయో నువ్వే ఊహించుకో.

వంటింట్లో కూర్చుని ఏడ్చాను అక్కా. ఆమె వినే ఉంటుంది. పిలవలేదు.

రిన్సె


హార్లింగెన్, 27 జూన్

హిస్కె అక్కా,

నెలన్నరగా రాయలేదు. రాయాల్సింది పళ్లెం సంగతే, అది రాయబుద్ధి కాలేదు. మొదటి వారం ఒక్కరోజు కూడా ఆరు వస్తువులూ చేరలేదు. తర్వాత లోబ్కె ఒక ఉపాయం చెప్పింది. వేలు గట్టు అంచు మీద పెట్టి, గోడ తగిలేదాకా ఎడమకు జరుపుకుంటూ పోవాలి. కంటిని నమ్మకూడదు, వేలినే నమ్మాలి. మూడో వారంలో ఒకసారి ఐదు. నాలుగో వారంలో ఒకసారి ఆరు. తర్వాత రోజు మళ్లీ మూడు, కాఫీ చాకు మీద ఒలికింది. చివరి పద్నాలుగు రోజులు మాత్రం, రోజూ ఆరు.

చేపల బండిని గోస్సె మేనల్లుడు తీసుకున్నాడు. పొద్దున్న కాలవ గట్టున వెళుతుంటే శబ్దం వినిపిస్తుంది. గేరు మార్చడం ఇంకా రాలేదు వాడికి.

ఇవాళ లక్ష్యం చూసుకునే రోజు. మాయికె రెండు చేతికర్రలతో నడిచి వచ్చింది. లోబ్కె కాగితం తీసింది. మొహం వెలిగిపోతోంది.

"పద్నాలుగు రోజులు, ఆరుకు ఆరు. లక్ష్యం నెరవేరినట్టే. ఏమంటారు మాయికె?"

"లేదు" అంది మాయికె.

లోబ్కె నవ్వు ఆగిపోయింది. పొద్దున్నే ఏం మర్చిపోయానా అని వేళ్లమీద లెక్కపెట్టుకున్నాను. కాఫీ, రొట్టె, వెన్న, జున్ను, చాకు, మాత్రలు.

"ఇవాళ ఆరూ తెచ్చాను మాయికె."

"తెచ్చావు. నిన్న తెచ్చావు, మొన్న తెచ్చావు." ఆమె నాతో కాదు, లోబ్కెతో మాట్లాడుతోంది. "నన్ను గుద్దిన రోజు నుంచి ఈయన చూడలేదని పోలీసులకు చెప్పాడు. డాక్టరుకు చెప్పాడు. గోస్సెకు చెప్పాడు. వాళ్లక్కకు పేజీలు పేజీలు రాశాడు. నాకు కాఫీ ఇచ్చాడు."

నిజమే అక్కా. పన్నెండు వారాలైంది. ఊళ్లో అందరికీ చెప్పాను. ఆమెకు ఏమీ చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి కూడా నాకు తెలియలేదు.

"నేను చూడలేదు..." అని మొదలుపెట్టాను. ఆమె కళ్లు మూసుకుంది. ఆ మొహం చూసి ఆగిపోయాను.

"కాదు" అన్నాను. "నిన్ను చూడలేదు, అది నిజం. కానీ నువ్వు తాళాలు దాచావు. నువ్వు వద్దంటున్నావని నాకు తెలుసు. డబ్బా మూత తీసి, దారపు ఉండల కింద వెతికి తీశాను. అది నాకు కనపడుతూనే ఉంది. ఆ తప్పు నా మెదడుది కాదు, నాది. నన్ను క్షమించు మాయికె."

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. నేను ఆమెకు ఎదురుగా కూర్చున్నాను, పూర్తిగా కనపడుతోంది. ముసలిదైపోయింది అక్కా, ఈ ఆరు నెలల్లో.

లోబ్కె అలవాటుకొద్దీ కలం తీసింది.

"అది రాయకు అమ్మాయ్" అంది మాయికె. "అది మా ఇద్దరిదీ."

లోబ్కె కలం మూత పెట్టేసింది.

క్షమించానని ఆమె అనలేదు. మన వీధి మలుపులో బస్సు దిగేటప్పుడు ఒక చేతికర్ర నాకిచ్చి, ఆ చేత్తో నా భుజం పట్టుకుంది. బరువంతా వేసింది. ఇంటిదాకా తియ్యలేదు.

నీ తమ్ముడు,
రిన్సె